ఒమన్ రహదారులపై ఆరు రోజులు

భూమిపై సంచరించి, గతించిన జాతుల జాడలు చూసి గుణపాఠం గ్రహించమని దివ్య ఖుర్ఆన్ అనేక చోట్ల మానవుణ్ణి ప్రోత్సహిస్తుంది. అయినా మన తెలుగు ముస్లిం కుటుంబాలకు విదేశీ ప్రయాణమంటే చాలాకాలం రెండే అర్థాలు: ఒకటి హజ్, ఉమ్రా, రెండోది గల్ఫ్‌లో ఉపాధి. ఇప్పుడిప్పుడే మూడో రకం ప్రయాణం మన ఇళ్లలోకి వచ్చింది. సెలవుల్లో కుటుంబమంతా ఒక దేశం చూసి రావడం, అక్కడ కారు అద్దెకు తీసుకొని తామే నడుపుకుంటూ తిరగడం. ఇది సౌకర్యమే, సందేహం లేదు. వృద్ధులకు విశ్రాంతి దొరుకుతుంది, నమాజు వేళకు ఆగవచ్చు, నచ్చిన చోట నిలవవచ్చు. కాని ఉమ్రా బృందంలో బస్సు కిటికీ పక్కన కూర్చున్న యాత్రికునికి లేని ఒక బాధ్యత, స్టీరింగు పట్టిన యాత్రికుని మీద పడుతుంది. పరాయి దేశపు ప్రజల ప్రాణాలు, వారి పిల్లల ప్రాణాలు, తనవారి ప్రాణాలు అతని చేతిలో అమానతుగా ఉంటాయి. ఈ ఏప్రిల్‌లో పర్యాటక వీసాపై ఒమన్ వెళ్లి, ఆరు రోజులు అక్కడి దారులపై తిరిగిన మాకు ఆ అమానతు బరువు ఎంతటిదో తెలిసివచ్చింది. ఆ అనుభవాన్ని పాఠకులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాస ఉద్దేశం.

మేము నలుగురం. దంపతులం ఇద్దరం, డెబ్బై దాటిన అమ్మ, పదో తరగతి పరీక్షలు ముగించిన మా అబ్బాయి. ముగ్గురు కలిసి ప్రయాణం చేస్తే ఒకరిని అమీర్‌గా ఎన్నుకోవాలని దైవప్రవక్త (స) బోధించారు. నడిపేవారే అమీర్ అయితే వారి తొందరే అందరి తొందర అవుతుందని భావించి, స్టీరింగు పట్టని అమ్మనే ప్రయాణ పెద్దగా ఎన్నుకున్నాము. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు బయలుదేరాలో తుది మాట ఆమెది. కర్నూలులో బయలుదేరేటప్పుడు ఇది ముచ్చటగా అనిపించిన ఏర్పాటు. దాని విలువ అయిదో రోజున తెలిసింది.

కాగితాలు కూడా ఒప్పందాలే

విదేశంలో కారు నడపదలచినవారు ముందుగా సమకూర్చుకోవలసింది అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్. 1949 నాటి జెనీవా రోడ్డు రవాణా ఒప్పందంలో మన దేశం భాగస్వామి. ఆ ఒప్పందాన్ని అనుసరించి మన ప్రాంతీయ రవాణా కార్యాలయాలు ఈ పర్మిట్‌ను జారీ చేస్తాయి. దాని గడువు గరిష్ఠంగా ఒక్క సంవత్సరం. అది ఒంటరిగా చెల్లదు. అసలు లైసెన్సు వెంట ఉండి తీరాలి. ఏ దేశం ఏ పత్రాన్ని గుర్తిస్తుందో బయలుదేరక ముందే తెలుసుకోవడం మంచిది. మా ఇద్దరి పేర్లా పర్మిట్లు తీసుకున్నాము. ఒకరు అలసినప్పుడు మరొకరు నడపవచ్చునని మా ఆలోచన.

మస్కట్ విమానాశ్రయంలో అద్దె సంస్థ మా ముందుంచిన ఒప్పందం చిన్న అక్షరాల్లో అనేక పుటలు ఉంది. దాన్ని చదవకుండానే సంతకం చేసేవారు ఎందరో. మేము అరగంట కూర్చొని చదివాము. బీమా ఉన్నా కొంత మొత్తం వరకు నష్టం మనమే భరించాలని అందులో ఉంది. మట్టి దారుల్లో నడిపితే బీమా వర్తించదని ఉంది. ఒప్పందంలో పేరు లేనివారు నడపరాదని ఉంది. కారుపై అప్పటికే ఉన్న గీతలను ఫోటోలు తీసి ఉద్యోగికి చూపించి, కాగితంపై రాయించాము. చేసుకున్న ఒప్పందాలను నెరవేర్చమని అల్ మాయిదా సూరా మొదటి ఆయతులోనే అల్లాహ్ విశ్వాసులను ఆదేశించాడు. వీసా ఒక ఒప్పందం, లైసెన్సు ఒక ఒప్పందం, అద్దె పత్రం మరొక ఒప్పందం. ఇవన్నీ లోక వ్యవహారాలేనని, ధర్మానికి వీటితో సంబంధం లేదని అనుకోవడం సరికాదు.

కారు కదలక ముందు అమ్మ ప్రయాణపు దుఆ చదివారు. వాహనాలను మన అధీనంలో ఉంచినవాడు అల్లాహ్ అని, అది మన శక్తితో జరిగేది కాదని, చివరకు ఆయన వద్దకే మరలి పోవాలని చెప్పే ఆ మాటలు అజ్జుఖ్రుఫ్ సూరా 13, 14 ఆయతుల్లోనివి. ఒంటె ఎక్కేటప్పుడు చదివిన ఆ దుఆ కారుకు మరింత అవసరం అనిపించింది. ఒంటెకు తన ప్రాణం మీద తనకు భయం ఉంటుంది. రెండు టన్నుల ఇనుముకు ఆ భయం లేదు.

కుడివైపు లోకం

ఒమన్‌లో వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. స్టీరింగు ఎడమవైపున ఉంటుంది. బ్రిటిషువారి పాలన వల్ల మనకు ఎడమవైపు అలవాటు. మలేషియా, థాయిలాండ్, జపాన్, బ్రిటన్ వంటి కొన్ని దేశాలు కూడా మనలాగే ఎడమవైపు నడుపుతాయి. ప్రపంచంలో ఎక్కువ దేశాలది కుడివైపు. మన అలవాటు ఎక్కువగా పొరపడే చోట్లు మూడు: ఖాళీ రోడ్డులోకి మలుపు తిరిగేటప్పుడు, పెట్రోలు బంకు నుంచి బయటకు వచ్చేటప్పుడు, రోడ్డు దాటే పాదచారిని చూసేటప్పుడు. ఎదుట వాహనాలు ఉన్నంతసేపు వాటిని చూసి సరిగానే వెళ్తాము. ఎవరూ లేనప్పుడే చేయి పాత అలవాటు వైపు లాగుతుంది. అందుకని మేము ఒక పద్ధతి పెట్టుకున్నాము. మలుపు వచ్చిన ప్రతిసారీ, నడపనివారు "కుడి" అని పైకి అనాలి. ఆరు రోజులూ ఆ మాట మా కారులో తస్బీహ్‌లా నడిచింది.

రౌండబౌట్ల దగ్గర అక్కడి నియమం స్పష్టం. వలయంలో ముందే ఉన్న వాహనానికి దారి ఇవ్వాలి. ఎడమవైపు నుంచి వచ్చేవారు వెళ్లిన తరువాతే మనం ప్రవేశించాలి. హారను మోత లేదు. ఎవరి వంతు వారిది. మొదటి రోజు సాయంత్రం సుల్తాన్ ఖాబూస్ గ్రాండ్ మస్జిద్‌కు వెళ్తూ దీన్ని గమనించాము. 2001లో ప్రారంభమైన ఆ మస్జిద్ గోడలకు వాడిన ఇసుకరాయి మన భారతదేశం నుంచి వెళ్లింది. ప్రధాన ప్రార్థనా మందిరంలో పరచిన ఒకే తివాచీ 70 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు. దానిని ఇరాన్‌లో వందలాది స్త్రీలు చేతులతో నేశారు. అంత వైభవంలోనూ అమ్మ మెచ్చుకున్నది బయట పార్కింగు స్థలాన్ని. మగ్రిబ్ వేళకు వందల కార్లు వచ్చినా ఒక్కటి కూడా మరొకరి దారికి అడ్డంగా నిలపలేదు. మన ఊళ్లలో జుమా రోజున మస్జిద్ ముందు రోడ్డు ఎలా ఉంటుందో పాఠకులకు చెప్పనవసరం లేదు.

కెమెరా చూస్తున్నందుకా?

రెండో రోజు మస్కట్ నుంచి నిజ్వాకు బయలుదేరాము. దూరం సుమారు 160 కిలోమీటర్లు. సమాయిల్ లోయ గుండా సాగే ఆ రహదారికి రెండు వైపులా చెట్టూ పచ్చికా లేని రాతి కొండలు; వాటి పాదాల దగ్గర ఖర్జూర తోటల పచ్చని చారలు. 1970లో సుల్తాన్ ఖాబూస్ పాలన చేపట్టేనాటికి ఆ దేశం మొత్తంలో తారు రోడ్డు సుమారు పది కిలోమీటర్లేనని అంటారు. నేడు కొండల మధ్య విశాలమైన రహదారి వెళ్తోంది.

ఆ రహదారిపై గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు. అది దాటగానే కారు దానంతట అదే గంట మోగిస్తుంది. దారి పొడవునా రాడార్ కెమెరాలు ఉన్నాయి. మేము 110 దగ్గర నడుపుతుంటే మా అబ్బాయి ఒక ప్రశ్న వేశాడు. "మన ఊళ్లో హైవే మీద ఇంత జాగ్రత్తగా నడపరు కదా, ఇక్కడ కెమెరా ఉందనేనా?" అని. ముందు సీట్లలో కొంతసేపు ఎవరమూ మాట్లాడలేదు. వెనుక నుంచి అమ్మ, "కెమెరా లేని చోట కూడా చూసేవాడున్నాడు, బేటా" అన్నారు. వాడు ఊరుకోలేదు. "మరి రోడ్డు రూలు తప్పితే గునాహ్ అవుతుందా?" అని అడిగాడు.

పిల్లలు అడిగే ఇలాంటి ప్రశ్నకు దాటవేత జవాబు చెప్పరాదు. అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1993లో బ్రూనైలో సమావేశమైనప్పుడు రోడ్డు ప్రమాదాలపై ఒక తీర్మానం చేసింది. షరీఅత్‌కు విరుద్ధం కాని ట్రాఫిక్ నియమాలను పాటించడం షరీఅత్ ప్రకారం విధి అని వివిధ దేశాల పండితులు అందులో స్పష్టం చేశారు. ప్రజల ప్రాణ రక్షణ కోసం పాలకులు చేసే ఇలాంటి ఏర్పాట్లు మస్లహత్ కిందికి వస్తాయని వారి వివరణ. ఇక పొరపాటున ఒక ప్రాణం తీసినా దాని భారం ఎంతటిదో అన్నిసా సూరా 92వ ఆయతు తెలుపుతుంది. మృతుని కుటుంబానికి రక్తపరిహారం చెల్లించాలి. పరిహారంగా బానిసను విముక్తి చేసే అవకాశం లేనివారు వరుసగా రెండు నెలలు ఉపవాసాలు పాటించాలి. ఉద్దేశం లేకుండా జరిగిన దానికే ఇంత బాధ్యత ఉంటే, తెలిసి తెలిసి ఎర్ర దీపం దాటేవాని సంగతి ఏమిటి? మన దేశంలో 2022 ఒక్క సంవత్సరంలోనే 1.68 లక్షల మందికి పైగా రోడ్డు ప్రమాదాల్లో మరణించారు. వీటిని విధిరాతగా చెప్పి ఊరుకోవడం తవక్కుల్ కాదు. ఒంటెను కట్టివేసిన తరువాతే అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) ఒక బదూకు నేర్పిన పాఠం మనకు తెలిసినదే. సీటు బెల్టు ఈ కాలపు ఆ తాడు.

నిజ్వా నీళ్లు, నిజ్వా నమాజు

నిజ్వా ఒకప్పుడు ఒమన్ ఇమాముల రాజధాని. 17వ శతాబ్దంలో ఇమాం సుల్తాన్ బిన్ సైఫ్ కట్టించిన కోట బురుజు గుండ్రంగా, ఊరంతటికీ కాపలా మనిషిలా నిలబడి ఉంది. కోట లోపల ఖర్జూరాల బస్తాలు పేర్చే గది చూశాము. నేల మీద సన్నని కాలువలు. బస్తాల బరువుకు కారిన పాకం వాటి గుండా ప్రవహించి కుండల్లో చేరేది. ఆ పాకాన్ని ఆహారంగా వాడేవారు, మరిగించి శత్రువులపై పోసేవారు కూడా.

కోటకు దగ్గరలోనే ఫలజ్ దారిస్. ఫలజ్ అంటే భూగర్భ జలాన్ని, ఊటను వాలు ఆధారంగా ఊరికి చేర్చే కాలువ. పంపు లేదు, యంత్రం లేదు. ఒమన్‌లోని అయిదు ఫలజ్‌లను యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దారిస్ వాటిలో ఒకటి. ఆ నీటి పంపకం మమ్మల్ని ఎంతో ఆకట్టుకుంది. ఊరికి చేరిన నీరు మొదట తాగడానికి, తరువాత మస్జిద్‌కు, స్నానాలకు, ఆ పిమ్మట తోటలకు. ప్రతి తోటకు వంతు ఉంటుంది. ఆ వంతును పగలు నీడగడియారంతో, రాత్రి నక్షత్రాలతో కొలిచేవారు. వంతు మీరి మడవ తిప్పుకున్నవాడు పొరుగువాని హక్కు కాజేసినట్టే. రౌండబౌట్ దగ్గర హారను మోగించని ఆ మర్యాద ఎక్కడి నుంచి వచ్చిందో, ఎడారిలో నీటిని వంతుల వారీగా పంచుకున్న ఈ ప్రజలను చూస్తే కొంత అర్థమవుతుంది.

శుక్రవారం ఉదయం పూట కోట పక్కన మేకల సంత. అమ్మేవారు మేకలను తాడు పట్టుకొని వలయంగా తిప్పుతుంటే కొనేవారు చుట్టూ కూర్చొని పళ్లు చూసి, వీపు తడిమి ధర చెబుతారు. మధ్యాహ్నం జుమా. ఒమన్‌లో ఇబాదీలు అధికం. సున్నీలు, షియాలు కూడా ఉన్నారు. మా వరుసలో ఒకవైపు వ్యక్తి చేతులు వదిలి నిలుచున్నారు, మరోవైపు వ్యక్తి చేతులు కట్టుకున్నారు. ఎవరూ ఎవరినీ వింతగా చూడలేదు. నమాజు అయ్యాక ఇద్దరూ మాకు సలాం చెప్పి, ఇంటికి వచ్చి కహ్వా తాగి వెళ్లమన్నారు. దారిలో మాత్రం జుహర్, అసర్, ఇషాలను ఖస్ర్‌గా, రెండేసి రకాతులు చేశాము. ఒకే చోట 15 రోజులకు తక్కువ ఉండే ముసాఫిరుకు హనఫీ ఫిఖ్హ్ ఇచ్చే సౌలభ్యమిది. దాదాపు ప్రతి పెట్రోలు బంకు దగ్గరా స్త్రీ పురుషులకు వేర్వేరు నమాజు గదులు ఉండటం కుటుంబాలకు గొప్ప మేలు.

మరుసటి రోజు జబల్ అఖ్దర్ ఎక్కాము. బిర్కత్ అల్ మౌజ్ దగ్గర కొండ మొదట్లోనే పోలీసు చౌకీ ఉంది. నాలుగు చక్రాలకూ శక్తి అందే వాహనమైతేనే పైకి వదులుతారు. మేము అద్దెకు తీసుకున్నది అలాంటిదే. సుమారు 2,000 మీటర్ల ఎత్తున సైక్ పీఠభూమి. మెట్ల పొలాల్లో గులాబీలు, దానిమ్మలు. ఏప్రిల్ గులాబీల కాలం కనుక మట్టి పొయ్యిల మీద పన్నీరు కాచే వాసన ఊరంతా నిండి ఉంది. ఎక్కడం కంటే దిగడం కష్టం. బ్రేకు అదే పనిగా తొక్కితే వేడెక్కి పట్టు కోల్పోతుంది. చిన్న గేరులో, ఇంజను పట్టుతోనే దిగాలి. బ్రేకు పోయిన వాహనాలు ఎక్కి ఆగేందుకు అక్కడక్కడ కంకర పోసిన ఎగుడు దారులు కట్టారు. ఇరాక్‌లో ఒక కంచరగాడిద తొట్రుపడినా దాని దారి ఎందుకు చదును చేయలేదని అల్లాహ్ తనను ప్రశ్నిస్తాడేమోనని హజ్రత్ ఉమర్ (రజి) భయపడ్డారని చరిత్రకారులు చెబుతారు. ఆ ఎగుడు దారులను చూసినప్పుడు ఆ మాట గుర్తుకు వచ్చింది.

వాదీ దగ్గర

అయిదో రోజు నిజ్వా నుంచి సినావ్ మీదుగా తూర్పు తీరంలోని సూర్ పట్టణానికి వెళ్లాలి. అక్కడ గదికి ముందే డబ్బు చెల్లించాము. మరునాటి రాత్రి మస్కట్ నుంచి మా విమానం. ఉదయం ఆకాశం నిర్మలంగా ఉంది. దూరాన కొండల మీద మాత్రం నల్లని మబ్బు కనిపించింది. మధ్యాహ్నం దాటాక, ముదైబీ వైపు వెళ్లే దారిలో రోడ్డు ఒక పల్లానికి దిగే చోట వాహనాలు నిలిచి ఉన్నాయి. రోడ్డుకు అడ్డంగా ఎర్రమట్టి నీరు పారుతోంది.

అరబ్బీలో వాదీ అన్నా, మన రాయలసీమలో వంక అన్నా ఒకటే. సంవత్సరంలో ఎక్కువ రోజులు ఇసుక. ఎక్కడో ఎగువన వాన పడితే గంటలో వరద. మన నెత్తిన చినుకు పడనక్కరలేదు. అక్కడి దారుల్లో ఇలాంటి చోట్ల నీటి లోతు తెలిపే ఎరుపు తెలుపు కొలత స్తంభాలు పాతి ఉంటాయి. పారుతున్న వాదీని తెగించి దాటడం ఒమన్ చట్టంలో జైలు శిక్ష, జరిమానా విధించదగిన నేరం. అయినా పెద్ద వాహనాలవారు కొందరు దాటుతూనే ఉన్నారు. ఒకటి, రెండు, మూడు. అన్నీ అవతలికి చేరాయి.

మా కారులో మాటామాటా పెరిగింది. "వాళ్లు వెళ్లారు కదా, మనదీ అలాంటి బండే" అన్నాడు అబ్బాయి. మాలో ఒకరు గది డబ్బు గుర్తుచేశారు, ఇంకొకరు విమానం గుర్తుచేశారు. ఆ మాటలు విని, పక్కన ఆగిన నీళ్ల ట్యాంకరు డ్రైవరు దిగి వచ్చాడు. రాయచోటి వాడు, ఒమన్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాడు. "యాడికి పోవాల అన్నా? సూరుకా? ఇప్పుడు దిగొద్దు. వంక పారేటప్పుడు లోతు ఎంతుందో కంటికి తెల్దు. కింద రోడ్డు కోసుకుపోయింటే ఎవరికి తెలుస్తది? చెయ్యేరు వరద మావాళ్లు చూసినారు కదా" అన్నాడు. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేటి వరదలో బస్సులు సైతం చిక్కుకున్న సంగతి అతడు చెబుతున్నది. అతడి ట్యాంకరు మా కారుకు అయిదింతల బరువు. అతడే ఆగి ఉన్నాడు.

నిర్ణయం మాత్రం అమ్మది. ఆమె 2009 అక్టోబరులో కర్నూలును ముంచిన తుంగభద్ర వరదను పాతబస్తీ మేడ మీద నుంచి చూసిన మనిషి. "నీళ్లు మోకాలి దాకా ఉన్నాయనుకుంటాం, మెడ దాకా వస్తాయి. ఆగుదాం" అన్నారు. ఇక చర్చ లేదు. అమీర్‌ను ఎన్నుకున్నాక ఆమె మాట వినడం మా విధి.

ఒక అడుగు లోతున వేగంగా పారే నీరు చిన్న కారును తేల్చగలదు. రెండడుగుల నీరు మాలాంటి పెద్ద వాహనాలను సైతం ఈడ్చుకుపోగలదు. ఇవి ఇంజను శక్తికి లొంగే విషయాలు కావు. చక్రాలు నేలను వదిలాక ఏ ఇంజనూ పనికిరాదు. 2024 ఏప్రిల్‌లో ఇదే ముదైబీ ప్రాంతంలో వరద నీటిలో బడి పిల్లల వాహనం కొట్టుకుపోయి పలువురు పిల్లలు మరణించారు. ఆ ఊళ్లలో కొన్ని ఇళ్లవారు ఆ సాయంత్రం పిల్లల కోసం ఎదురుచూసి ఉంటారు. ఈ సంగతి ట్యాంకరు డ్రైవరు చెబుతుంటే మా అబ్బాయి తల వంచుకొని విన్నాడు.

రోడ్డు పక్కన చాప పరచుకొని అసర్ నమాజు చేశాము. ట్యాంకరు డ్రైవరు తన డబ్బాలోని చపాతీలు, మేము ఖర్జూరాలు పంచుకున్నాము. సూర్యాస్తమయానికి కూడా నీరు తగ్గలేదు. చీకటి పడితే ఒంటెలు రోడ్డు మీదికి వస్తాయి; వాటి కాళ్లు పొడవు కనుక ఢీకొంటే మొత్తం శరీరం ముందు అద్దం మీద పడుతుంది. అందువల్ల వెనుదిరిగి సినావ్ చేరి, ఒక చిన్న హోటలులో రాత్రి గడిపాము. సూర్‌లో గది డబ్బు తిరిగి రాలేదు. రాదని ఒప్పందంలోనే ఉంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ సాయంత్రం మా కళ్ల ముందు దాటినవారెవరికీ ఏమీ కాలేదు. మేము ఆగినందువల్ల ఒక ప్రమాదం తప్పిందని చెప్పడానికి మా దగ్గర ఏ ఆధారమూ లేదు. మా అబ్బాయి కూడా రాత్రి అదే అన్నాడు: "దాటి ఉంటే మనకూ ఏమీ అయ్యేది కాదేమో." కావచ్చు. కాని తనను తాను చేజేతులా వినాశంలో పడవేసుకోరాదన్న అల్ బఖరా సూరా 195వ ఆయతు ఆదేశం, ఫలితం వెలువడ్డాక అమలయ్యేది కాదు. దైవమార్గంలో ఖర్చు గురించి అవతరించిన ఆ ఆయతును పండితులు ప్రాణాన్ని నిష్కారణంగా ప్రమాదంలో పడవేసుకోవడానికి కూడా వర్తింపజేశారు. క్షేమంగా దాటడం వల్ల తెగింపు ఒప్పు అయిపోదు. వెనుక సీట్లో అమ్మ ఉంది. ఆమె సమ్మతి లేకుండా ఆమె ప్రాణాన్ని పందెం కాసే హక్కు మాకు లేదు. కారు కొట్టుకుపోతే మమ్మల్ని వెతకడానికి నీటిలోకి దిగే ఆ దేశపు సహాయక సిబ్బంది ప్రాణాలూ ఆ పందెంలోనే ఉంటాయి. పర్యాటకుడు మరచిపోయేది తరచుగా ఈ చివరి లెక్కనే.

ఇబ్న్ బతూతా నడిచిన తీరం

ఉదయానికి వాదీలో బురద మాత్రమే మిగిలింది. అధికారులు రాళ్లు తొలగించాక నిదానంగా దాటి, ఇబ్రా మీదుగా మధ్యాహ్నానికి సూర్ చేరాము. చెక్క ఓడలు కట్టే సూర్‌ను చూడటానికి రెండు గంటలే మిగిలాయి. అక్కడి నుంచి మస్కట్‌కు తీరం వెంబడి సుమారు 200 కిలోమీటర్ల చక్కని రహదారి. ఒకవైపు సముద్రం, ఒకవైపు కొండలు.

సూర్ దాటిన కొద్దిసేపటికే ఖల్‌హాత్ శిథిలాలు వస్తాయి. ఒకప్పుడు హిందూ మహాసముద్ర వ్యాపారంలో వెలిగిన ఈ రేవును యునెస్కో 2018లో వారసత్వ స్థలంగా గుర్తించింది. ఇప్పుడు బీబీ మర్యం సమాధి మందిరం ఒక్కటే ఎత్తుగా మిగిలి ఉంది. 1330 ప్రాంతంలో ఇబ్న్ బతూతా సూర్‌లో ఓడ దిగి, దగ్గరగానే కనిపిస్తోందని ఖల్‌హాత్‌కు కాలినడకన బయలుదేరాడు. కంటికి కనిపించిన దూరం వేరు, నడవవలసిన దూరం వేరు అయింది. వెంట తీసుకున్న దారి చూపేవాడు నమ్మదగినవాడు కాదని మధ్యలో తేలింది. దాహంతో, వాచిన కాళ్లతో ఊరి ద్వారం చేరిన ఆ పరదేశిని అక్కడి పాలకుడు ఆదరించి, నడవగలిగేవరకు తన దగ్గర ఉంచుకున్నాడు. ఏడు వందల ఏళ్ల నాటి ఆ బాటసారి కష్టంలోనూ, అతడికి దొరికిన ఆదరణలోనూ మాకు రాయచోటి ట్యాంకరు డ్రైవరు కనిపించాడు. దారి తెలియని వానికి దారి చెప్పడం సదఖా అని దైవప్రవక్త (స) అన్నారు కదా.

రాత్రి విమానాశ్రయంలో కారు అప్పగించాము. ఉద్యోగి మొదటి రోజు రాసిన కాగితం పట్టుకొని ప్రతి తలుపూ, ప్రతి చక్రమూ పరిశీలించి సంతకం చేశాడు.

విదేశంలో కారు నడపదలచిన కుటుంబాలకు మేము చెప్పగలిగినది ఇంతే. పర్మిట్, బీమా, ఒప్పందం చదివి తీసుకోండి. రోజుకు ఎంత దూరమో లెక్క వేసేటప్పుడు నమాజుకు, విశ్రాంతికి, అనుకోని ఆటంకానికి వేళ మిగల్చండి. రాత్రి ప్రయాణం మానండి. ఆ దేశపు అత్యవసర సంఖ్యను ఫోనులో రాసుకోండి. ఒమన్‌లో అది 9999. విమానానికి ముందు రోజును ఖాళీగా ఉంచగలిగితే, తొందర అనే శత్రువు సగం బలం కోల్పోతుంది. అన్నిటికంటే ముందు, స్టీరింగు పట్టనివారిలో ఒకరిని అమీర్‌గా పెట్టుకోండి.

ఈ నియమాన్ని మేము కర్నూలుకు కూడా తెచ్చుకున్నాము. ఇప్పుడు నంద్యాలకో, కడపకో బయలుదేరినా అమ్మే అమీర్. "నెమ్మది" అని ఆమె అన్నారంటే ముల్లు 80 కిందికి రావలసిందే. ఇంకా లైసెన్సు వయసు రాని మా అబ్బాయి వెనుక సీట్లో కూర్చొని, కెమెరాలు లేని మా రోడ్డు మీద ఆ ముల్లునే గమనిస్తూ ఉంటాడు.